తంబురా కోసం కొన్న చిన్న స్పీకర్: రెండేళ్లు దాటాక

నేను పాలకొల్లులో పిల్లలకి సంగీతం చెప్తాను. నాకు చూపు లేదు. ఫోన్‌ని టాక్‌బ్యాక్‌తో వాడతాను. తెర మీద వేలు జరుపుతుంటే అక్కడున్నది ఫోన్ పైకి చదువుతుంది, కావలసినది వినపడగానే రెండుసార్లు తడతాను. ఈ స్పీకర్ కొన్నది ముఖ్యంగా పాఠాల్లో ఫోన్ యాప్‌తో మోగించే తంబురా శ్రుతి కోసం. ఒలిచిన కొబ్బరికాయంత ఉంటుంది, వైఫై, బ్లూటూత్ రెండూ ఉన్నాయి. కంపెనీ పేరు రాయడం లేదు, కింద కొంచెం తిట్లున్నాయి మరి. పైగా నేను చెప్పేవాటిలో చాలా సంగతులు ఈ సైజు స్పీకర్లు చాలావాటికి వర్తిస్తాయి.

ముందు నాదం సంగతి. మా ఆడపిల్లల్లో ఎక్కువమంది ఐదు శ్రుతిలో పాడతారు. అంటే మధ్య షడ్జం, అదే పాటకి ఆధారమైన 'స', 196 హెర్ట్జ్. తంబురా మంద్ర షడ్జం, అంటే కింది స్థాయి 'స', అందులో సగం, 98. ఈ స్పీకర్ ఇంచుమించు అంతవరకూ దిగుతుంది కాబట్టి తంబురా నిండుగా పలుకుతుంది. తంబురా తీగలు ఆనుకునే గుర్రానికీ తీగకీ మధ్య నూలుపోగు సర్దితే వచ్చే జుమ్మనే నాదం కూడా చెదరకుండా వస్తుంది. మగపిల్లల ఒకటి శ్రుతికి వస్తే మంద్ర షడ్జం 65 హెర్ట్జ్. ఇంత చిన్న డబ్బా అంత కిందికి దిగలేదు. అయినా శ్రుతి బోలుగా అనిపించదు. ఆ తీగ నుంచి అసలు స్వరంతో పాటు పుట్టే పై స్వరాలు, హార్మోనిక్స్, అన్నీ వినపడుతుంటే, అడుగున లేని స్వరాన్ని మన చెవే పూరించుకుంటుంది. చిన్న స్పీకర్లన్నీ బతికేది ఈ దయ మీదే.

మృదంగానికి మాత్రం ఆ దయ చాలదు. సౌండ్ బాగా పెంచితే స్పీకర్ లోపల అదిరే తన కోన్ చిరిగిపోకుండా బాస్‌ని, అంటే కింది నాదాన్ని, తనే తగ్గించేసుకుంటుంది. కుడివైపు పలికే చాపు, మీటు దెబ్బలు స్పష్టంగానే ఉంటాయి, ఎడమవైపు తొప్పి మాయమవుతుంది. ఒకసారి ట్రాక్ పెట్టి పాడిస్తుంటే ఓ కుర్రాడు ఆగిపోయి, "మాస్టారూ, తొప్పి వినపడట్లేదండి, దేన్ని పట్టుకుని పాడమంటారు?" అన్నాడు. "సౌండ్ తగ్గించరా, అదే వస్తుంది" అన్నాను. "ఆయ్" అని తగ్గించాడు, వచ్చింది. పెంచితే పోయేది తగ్గిస్తే రావడం కొత్తవాళ్లకి వింతగా ఉంటుంది. పది మంది పిల్లలున్న గదికి ఇది చాలు, పందిట్లో పెట్టడానికి కాదు.

గాత్రానికి మంచి మార్కులే వేస్తాను. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారి గొంతు పెట్టి పరీక్షించకుండా ఏ స్పీకరూ మా ఇంట్లో ఉండదు. మంద్ర స్థాయిలో ఆయన గొంతులోని గరిమ అంతా రాదు గానీ, మాట స్పష్టంగా వస్తుంది, సాహిత్యంలో ఒక్క అక్షరం మింగదు. ఈమని శంకరశాస్త్రి గారి వీణలో, మీటు అయిపోయాక తీగ మీద సాగే గమకం చివరిదాకా వినపడింది. అదీ మెచ్చుకోవలసిందే. లోపలున్నది ఒకటే స్పీకర్ కాబట్టి గాత్రమూ వయొలినూ ఒకే చోట ఇరుక్కుని ఉంటాయి. రెండు కొని జత చేయొచ్చంటారు. నాకు ఒకటే బరువైంది.

ఎక్కడ పెడతామన్నది చాలా తేడా చేస్తుంది. టేకు బల్ల మీద, గోడ మూలకి జానెడు దూరంలో పెడితే బాస్ నిండుతుంది. మా అక్కయ్య గారింట్లో మండువా దగ్గర పెట్టి చూశాం, పైన ఆకాశమే కాబట్టి నాదమంతా ఎగిరిపోయింది.

ఇక సెటప్. తిట్లు ఇక్కడున్నాయి. మొదటి మెట్టే "నారింజ రంగు దీపం మిణుకుమనేదాకా ఆగండి". స్పీకరే కదా కొన్నది, ఆ సమయంలో టింగుమని ఒక్క శబ్దం చేయడానికి దానికేం కష్టం? రెండో మెట్టులో యాప్. టాక్‌బ్యాక్ ఒక్కో బటన్ మీదకి వెళ్లి "పేరు లేని బటన్" అంటుంది, పక్కకి జరిపితే మళ్లీ "పేరు లేని బటన్". అలాంటి బటన్లకి టాక్‌బ్యాక్ మెనూలో మనమే పేర్లు పెట్టుకోవచ్చు. కొన్నిటికి కుదిరింది, కొన్నిటికి కుదరలేదు. మూడోది, స్పీకర్ అడుగున ఉన్న క్యూఆర్ కోడ్‌ని కెమెరాతో పట్టమనడం. అది కాకపోతే పక్కన అచ్చువేసిన అంకెలు కొట్టమంటుంది. ఆ అంకెలు మా విద్యార్థిని ఒకమ్మాయి చదివి పెట్టింది. అప్పుడే వాటిని ఫోన్‌లో నోట్‌గా రాసుకున్నాను. తర్వాత ఫైబర్ కనెక్షన్ మార్చి వైఫై పేరు మారినప్పుడు ఎవరినీ పిలవకుండా నేనే చేసుకున్నాను. మీరూ మొదట ఆ పని చేయండి. ఇంట్లో ఎవరూ లేకపోతే బీ మై ఐస్ యాప్‌లో వీడియో కాల్ చేస్తే వాలంటీర్లు చూసి చెప్తారు.

అందరికీ పనికొచ్చేలా రూపొందించిన వస్తువులను ప్రభుత్వం ప్రోత్సహించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. ఈ యాప్ రాసినవాళ్లకి ఆ కబురు అందినట్టు లేదు. కంపెనీకి ఫిర్యాదు రాయబోతే, పంపేముందు బొమ్మల్లో బస్సులు ఎక్కడున్నాయో గుర్తించమంది.

ఇంత తిట్టినా వైఫై సెటప్ మానేయమని చెప్పను. బ్లూటూత్‌లో ఫోన్ మాటలు కూడా స్పీకర్‌లోంచే వస్తాయి. కచేరీ రికార్డు వింటూ మధ్యలో టైమెంతో చూసుకుంటే ఆ అంకెలు గదంతా వింటుంది. పైగా కాసేపు నిశ్శబ్దంగా ఉంటే స్పీకర్ కునుకు తీస్తుంది, లేచేలోపు మొదటి అక్షరం పోతుంది. "వద్దు" అన్నా "రద్దు" అన్నా నాకు వినపడేది "ద్దు". తంబురా మోగుతూ ఉంటే కునుకు ఉండదు కాబట్టి పాఠాల్లో ఆ ఇబ్బంది రాలేదు. అదే వైఫై మీద అయితే పాట మాత్రమే స్పీకర్‌కి వెళ్తుంది, టాక్‌బ్యాక్ ఫోన్‌లోనే నా చెవి దగ్గర ఉంటుంది. మా తంబురా యాప్‌కి వైఫై మీద పంపే సదుపాయం లేదు. అందుకే శ్రుతికి బ్లూటూత్, కచేరీలకి వైఫై. ఇక నోటితో ఆజ్ఞలివ్వడం హిందీలోనో ఇంగ్లీషులోనో కుదురుతుందట. తెలుగు రాదు, నేనూ వాడలేదు.

బటన్లు బాగున్నాయి. పైన నొక్కే రకం, ప్లస్, మైనస్ గుర్తులు వేలికి తగిలేలా ఉబ్బెత్తుగా ఉన్నాయి. మా బావగారి స్పీకర్ పైభాగమంతా నున్నటి గాజు, టచ్. దాని మీద చెయ్యి వేసి వెతికేలోపే వాల్యూమ్ పైకెళ్లి ఇల్లు అదిరిపోతుంది.

కరెంటు పోతే బ్యాటరీ మీద ఓ సాయంత్రం పాఠాలన్నీ గడిచేవి, ఇప్పుడు చివరి పాఠానికి గుటుక్కుమంటోంది. రూటర్ ఆగిపోతే వైఫై ఎలాగూ ఉండదు, బ్లూటూతే దిక్కు. నీటికి తట్టుకునేది ఐపీ67 రకం. ఆ పరీక్ష మంచినీళ్లతో, మీటరు లోతులో అరగంట చేసేది, ఉప్పునీటికి పూచీ లేదు. అందుకని అంతర్వేది వెళ్లినప్పుడు ఇసుక మీద పెట్టనివ్వలేదు. వానాకాలం చెమ్మలో ఛార్జింగ్ రంధ్రం గుడ్డతో తుడిచి, ఆరాకే వైరు పెడతాను.

ఈమధ్య వచ్చిన అప్‌డేట్‌తో చాలా బటన్లకి పేర్లు వచ్చాయి. బాస్, ట్రెబుల్ (పై నాదం) సర్దుకునే ఈక్వలైజర్ మాత్రం ఇంకా "యాభై శాతం, యాభై శాతం" అంటుంది, ఏది బాసో ఏది ట్రెబులో చెప్పదు. మొదటిది బాస్. కొన్నవాళ్లు రాసుకోండి.