స్వాన్ సిల్వర్‌టోన్స్ వినాలంటే వీ-జే రోజుల నుంచి మొదలుపెట్టండి

స్వాన్ సిల్వర్‌టోన్స్ పాటలు ఏళ్ల తరబడి వింటున్నాను. అమెరికా నల్లజాతి గాస్పెల్ క్వార్టెట్లు, అంటే క్రైస్తవ భక్తి పాటలు పాడే చిన్న గాయక బృందాలు, వెలిగిపోయిన కాలంలో వీళ్లు వరసగా కింగ్, స్పెషాల్టీ, వీ-జే అనే రికార్డు కంపెనీలకు పాడారు. కొత్తగా వినబోయేవాళ్లు వీ-జే పాటలతో మొదలుపెడితే మంచిది. బృందంలోని ప్రసిద్ధ గాయకుడు క్లాడ్ జీటర్ గొంతు ఎప్పుడొస్తుందా అని మాత్రం కాచుకుని కూర్చోకండి.

జీటర్ పేరు విని వచ్చేవాళ్లే ఎక్కువ. ఆ ఫాల్సెట్టో, అంటే మామూలు గొంతుకు పైన పలికే సన్నటి స్వరం, అలాంటిది మరి. 1938లో వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల్లో పనిచేస్తూ ఆయన కట్టిన బృందం ఇది. తర్వాత టెనెసీలోని నాక్స్‌విల్ రేడియోలో పాడుతున్నప్పుడు, కార్యక్రమానికి డబ్బు పెట్టిన స్వాన్ బేకరీ పేరు బృందం పేరులో చేరింది. 1946 నుంచి కింగ్‌కు పాడినవాటిలో వాద్యాలు చాలా తక్కువ, గొంతులే అన్నీ చూసుకుంటాయి. నాకు ఇష్టమే, కానీ చెవి అలవాటు పడకముందు పాటలన్నీ ఒకేలా అనిపించవచ్చు.

1951 నుంచి స్పెషాల్టీకి పాడిన పాటలు వేరే రకం. రెవరెండ్ రాబర్ట్ క్రెన్షా లాంటి గాయకుడు గర్జిస్తుంటే, జీటర్ మెత్తగా, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడతాడు. ఆ పొత్తే వీళ్ల బలం. అయితే వరసగా వింటే నాకు కొంచెం అలసటగా ఉంటుంది. 1952 నాటి 'మై రాక్' ఒక్కటి మాత్రం ఎన్నిసార్లయినా వింటాను.

ఇక వీ-జే. 1956 నుంచి షికాగోలోని ఈ కంపెనీకి పాడేనాటికి జీటర్‌కు తోడు పాల్ ఓవెన్స్, లూయీ జాన్సన్ ఉన్నారు. ఓవెన్స్ నునుపుగా, కొత్త పోకడల హార్మొనీతో (వేర్వేరు స్థాయిల గొంతుల కలయికతో) పాడితే, జాన్సన్ గొంతు చించుకుని పాడతాడు. 1959లో వచ్చిన 'మేరీ డోంట్ యూ వీప్' వినండి. బైబిల్లోని లాజరు అక్కచెల్లెళ్లు మరియ, మార్తలను ఏడవవద్దంటూ, ఎర్ర సముద్రంలో మునిగిన ఫరో సైన్యాన్ని గుర్తుచేసే పాత పాట అది. ఎవరూ తొందరపడరు. వెనక గొంతులు ఊయల ఊపినట్టు లయ పట్టుకుని ఉంటాయి. నా పేరును నమ్ముకుంటే లోతు నీళ్ల మీద నీకు వంతెననవుతాను అనే మాటను జీటర్ మధ్యలో అలా అనేసి వెళ్లిపోతాడు. దాని మీద ఒత్తిడే పెట్టడు. అమెరికా గాయకుడు పాల్ సైమన్ రాసిన 1970 నాటి ప్రసిద్ధ పాట 'బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్'కు బీజం ఆ మాటే. నేను మాత్రం ఇప్పుడు ఆ చోట కూడా వెనకవాళ్లనే వింటాను. వాళ్లు అంత నిలకడగా ఉండబట్టే జీటర్ అంత తేలిగ్గా వదిలేయగలిగాడని నా నమ్మకం.

ఫోన్ స్పీకర్లో వినకండి. బృందంలో విలియం కానర్ పాడే బేస్, అంటే అట్టడుగు స్థాయి గొంతు, పూర్తిగా పోతుంది, అది పోతే హార్మొనీకి నేల ఉండదు. మామూలు హెడ్‌ఫోన్స్ చాలు. పాత రికార్డుల గరగర కొన్ని పాటల్లో ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు.

నాకు నిజంగా కోపం తెప్పించేది చౌక సంకలనాలు. ఏ పాట ఏ సంవత్సరానిదో, ఏ కంపెనీదో, ఎవరు లీడ్ (ముఖ్య గొంతు) పాడారో ఒక్క ముక్క రాయరు. జీటర్ 1960ల మధ్యలో వెళ్లిపోయాక కూడా బృందం అదే పేరుతో రికార్డులు చేసింది. అవి చెడ్డవని కాదు గానీ, జీటర్ కోసం కొన్నవాళ్లకు చేతికి వచ్చేది వేరే బృందం. అందుకే కొనేముందు అట్ట మీద కంపెనీ పేరు, సంవత్సరం చూడండి. అవి లేకపోతే ఆ సంకలనం వదిలేయండి. 1956 తర్వాతి వీ-జే పాటలు బాగా విన్నాక స్పెషాల్టీకి, ఆ తర్వాత కింగ్‌కు వెళ్లండి.