మూడో క్వార్టర్‌బ్యాక్‌ని దాచుకునేవాడి మాట: కాలేజ్ ఫుట్‌బాల్ 25 వీడియో గేమ్ రివ్యూ

అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌లో (సాకర్ కాదు, బంతి చేత్తో విసిరే అమెరికన్ ఫుట్‌బాల్) మా బావ జార్జియా యూనివర్సిటీ జట్టుకి వీరాభిమాని. నాది ఒహాయో స్టేట్. సీజన్ మొదలైందంటే మా ఇద్దరికీ ఒకటే పంచాయితీ: ఆ కుర్రాణ్ని కోచ్ ఎందుకు ఆడించాడు, దెబ్బ తగిలాకైనా ఎందుకు బయటికి పిలవలేదు?

2019లో అలబామా క్వార్టర్‌బ్యాక్ (ఎటాక్ నడిపిస్తూ బంతి విసిరేవాడు) టువా టాగోవైలోవా సంగతి మా మధ్య ఇప్పటికీ తెగలేదు. అక్టోబర్‌లో చీలమండకి ఆపరేషన్ అయింది. నవంబర్ 16న మిసిసిపీ స్టేట్ మీద అలబామా 35-7తో ముందుంది, అప్పటికి ఫస్ట్ హాఫ్ కూడా పూర్తవలేదు. ఇక ఇదే అతని ఆఖరి డ్రైవ్ (బంతి తమ దగ్గరున్నంతసేపు సాగే ఎటాక్) అనుకుని కోచ్ నిక్ సేబన్ అతన్ని మళ్ళీ దింపాడు. అందులోనే తుంటి కీలు తప్పింది, సీజన్ అక్కడితో సరి. అంత లీడ్ పెట్టుకుని ఇంకా ఎందుకు ఆడించాలని నా గోల. "దెబ్బలకి భయపడితే ఎవణ్నీ ఆడించలేం రా" అని బావ.

ఈఏ స్పోర్ట్స్ కాలేజ్ ఫుట్‌బాల్ 25 సరిగ్గా మాలాంటి వాళ్ళ కోసమే తీసినట్టుంది. 2013లో వచ్చిన ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ 14 తర్వాత, ఆటగాళ్ళ పేరు, రూపం వాడుకోవడం మీద నడిచిన కోర్టు గొడవలతో ఈ సిరీస్ ఆగిపోయింది. మళ్ళీ 2024 జులైలో వచ్చింది. ఈసారి తన పేరు, ముఖం వాడుకోడానికి ఒప్పుకున్న ప్రతి ఆటగాడికీ 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ ఇచ్చారు. 134 జట్లు, 12 జట్ల ప్లేఆఫ్ అన్నీ ఉన్నాయి. పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ ఉన్నవాళ్ళకే, పీసీకి రాలేదు. విడుదలప్పుడు ధర 69.99 డాలర్లు.

గ్రాఫిక్స్, కామెంటరీ బాగున్నాయి, వాటి గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నన్ను పట్టుకున్నది వేర్ అండ్ టేర్ సిస్టమ్. ఒంటి మీద ఎక్కడ ఎంత దెబ్బ పడిందో ఆట లెక్క పెట్టుకుంటూ ఉంటుంది. ఆటగాడి బొమ్మ తెరిస్తే భాగాలవారీగా రంగులు కనిపిస్తాయి, దెబ్బలు తింటున్నకొద్దీ అవి పచ్చ నుంచి ఎరుపు వైపు జరుగుతాయి. రంగు మారితే ఆట కూడా మారుతుంది: సామర్థ్యం పడిపోతుంది, పెద్ద గాయానికి దగ్గరవుతాడు. పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్‌ని ముచ్చటపడి ప్రతి మూడో డౌన్‌లోనూ (పది గజాలు జరగడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) పరిగెత్తించారా, నాలుగో క్వార్టర్‌కి వాడి దగ్గర ఏమీ మిగలదు. పైగా ఆ అరుగుదల ఈ మ్యాచ్‌తో పోదు, వచ్చే వారానికీ కొంత మోసుకెళ్ళాలి. మంచి ఫాస్ట్ బౌలర్‌ని ఎండలో ఓవర్ మీద ఓవర్ వేయించి, మరుసటి టెస్టులో స్పీడ్ తగ్గిందని తిట్టే కెప్టెన్‌లా తయారవుతాం. బావ డైనస్టీ మోడ్‌లో (కోచ్‌గా సీజన్ల తరబడి జట్టుని నడిపే మోడ్) చేసింది అక్షరాలా ఇదే. పైగా "వాడు బానే ఉన్నాడు" అంటాడు, తెర మీద మోకాలు ఎర్రగా కనిపిస్తుంటే!

ఇక బ్యాకప్ సంగతి. ఒహాయో స్టేట్ వాళ్ళకి 2014 వేరే చెప్పక్కర్లేదు. సీజన్‌కి ముందే మొదటి క్వార్టర్‌బ్యాక్ బ్రాక్స్‌టన్ మిల్లర్ గాయంతో తప్పుకున్నాడు, మిషిగన్ మ్యాచ్‌లో అతని బదులు ఆడుతున్న జేటీ బ్యారెట్ కాలు విరిగింది, మూడో వాడు కార్డేల్ జోన్స్ వచ్చి విస్కాన్సిన్‌ని 59-0తో, తర్వాత అలబామాని, ఫైనల్లో ఒరెగాన్‌ని కొట్టించాడు. అందుకే ఆటలో నేను ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లని పెట్టుకుంటాను. పెట్టుకోవడం తేలికే, నిలబెట్టుకోవడమే కష్టం. ఆడే అవకాశమే ముఖ్యమనుకునే కుర్రాడు బెంచీ మీద కూర్చోడు, సీజన్ అయ్యాక ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి (వేరే కాలేజీకి మారాలనుకునేవాళ్ళు పేరు పెట్టుకునే చోటు) పోతాడు. ఇప్పటి రూల్స్ 2014లో ఉండి ఉంటే జోన్స్ ఒహాయో స్టేట్‌లోనే ఉండేవాడా అన్నది నాకు అనుమానమే. పోర్టల్ మీద ఎన్ని చర్చలు విన్నా ఈ ఇబ్బంది ఇంత బాగా అర్థం కాలేదు.

కొత్త కుర్రాణ్ని అవతలివాళ్ళ స్టేడియంలో దింపితే ఇంకో తమాషా. జనం గోల పెరిగేకొద్దీ స్క్రీన్ ఊగుతుంది, ఎవరు ఎటు పరిగెత్తాలో చూపే ప్లే గీతలు వంకర్లు పోతాయి. టెక్సాస్ ఏ అండ్ ఎం వాళ్ళ కైల్ ఫీల్డ్‌ని ఈ ఆటలో అన్నిటికన్నా కష్టమైన స్టేడియంగా పెట్టారు. అక్కడ బ్యాకప్‌తో ఆడి చూడండి, తర్వాత కోచ్‌ని తిట్టాలంటే నోరు రాదు.

నచ్చనిది ఒకటుంది. ఈ ఆట కోచ్‌కి మరీ ఎక్కువ చెప్పేస్తుంది. నిజం కోచ్‌కి రంగుల బొమ్మ ఎక్కడుంది? "నాకేం కాలేదు కోచ్" అనే కుర్రాడు, వద్దనే ట్రెయినర్, గోల చేసే లక్షమంది, వీళ్ళ మధ్య క్షణాల్లో తేల్చుకోవాలి. జార్జియా, టెక్సాస్ ఆడిన 2024 ఎస్ఈసీ (ఆ జట్లుండే కాలేజ్ లీగ్) ఫైనల్ చూడండి. మోచేతి గాయంతో జార్జియా క్వార్టర్‌బ్యాక్ కార్సన్ బెక్ సెకండాఫ్ అంతా బయటే. ఓవర్‌టైమ్‌లో అతని బదులు ఆడుతున్న గనర్ స్టాక్‌టన్ హెల్మెట్ ఊడింది, రూల్ ప్రకారం ఒక ప్లే బయట ఉండాలి. అప్పుడు బెక్కే వచ్చి, బంతి విసరకుండా పరిగెత్తే ట్రెవర్ ఎటియెన్ చేతిలో పెట్టాడు (హ్యాండాఫ్ అంటే ఇదే), అదే గెలుపు టచ్‌డౌన్. జార్జియా 22, టెక్సాస్ 19. పాస్ వేయలేనివాణ్ని ఒక్క హ్యాండాఫ్ కోసం దింపే ఆ తెగింపు, ఆ టెన్షన్ గేమ్‌లో రావు.

25లో నిజం హెడ్ కోచ్‌లు లేరు, ఊహాపేర్లే. నిజం కోచ్‌లతోనే తగువు పడాలనుకుంటే 2025 జులైలో వచ్చిన 26 తీసుకోండి, అందులో 300 మందికి పైగా ఉన్నారు. ఒంటరిగా ఆడేవాళ్ళకి 25 చాలు. బావలాంటివాళ్ళు దగ్గర్లో ఉంటే మాత్రం ఆన్‌లైన్ డైనస్టీ పెట్టండి, 32 మంది దాకా చేరొచ్చు. మా దాంట్లో బావ ఇప్పుడు మూడో క్వార్టర్‌బ్యాక్ కోసం వెతుకుతున్నాడు.