వంటింటి తలుపు వెనక క్యాలెండరు: మూడేళ్ల అనుభవం

మూడేళ్ల కిందటి దాకా మా కూరగాయల సంచిలో నాలుగే తిరిగేవి: ఆలుగడ్డ, వంకాయ, బెండకాయ, దొండకాయ. పండు అంటే అరటిపండు, అదీ ఎవరికైనా గుర్తొచ్చిన రోజున. హనుమకొండలో, రైతుబజారుకు నడిచి వెళ్లేంత దగ్గరలో ఉంటూ మేం తింటున్నది ఇంతేనా అని బాధ కలిగి 2022 వానాకాలంలో ఒక పని మొదలుపెట్టాను. వంటింటి తలుపు వెనక క్యాలెండరు తగిలించి, ఆ రోజు తిన్న కూరగాయ, ఆకుకూర, పండు పేర్లు ఆ గడిలో రాయడం. నియమం ఒక్కటే. ఒకసారి రాసిన పేరు మళ్లీ వారం దాకా రాయకూడదు. ఉల్లిగడ్డ, టమాటా, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర లెక్కలోకి రావు. ఇన్నాళ్లు పాటించాక ఇందులో ఏది పనిచేసిందో, ఏది చేయలేదో చెప్పగలననిపించి ఇది రాస్తున్నాను.

మొదటి రెండు వారాలు బీర, సొర, కాకర, గోరుచిక్కుడుతో సులువుగా గడిచాయి. మూడో వారానికి నాకు తెలిసిన పేర్లు అయిపోయాయి. అప్పుడు బజారులో ఎప్పుడూ దాటి వెళ్లిపోయే చోట, గోనెసంచి పరిచి ఆకుకూరలు అమ్ముకునే ఒక అవ్వ ముందు ఆగాను. పాలకూర, మెంతికూరల పక్కన ఎర్రటి కాడలు, చిన్న మందపాటి ఆకులతో ఒక కట్ట కనిపించింది. గంగవాయిలి కూర! చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్లో మిరపచేనులో కలుపు తీసేటప్పుడు ఏరి తెచ్చేవాళ్లు. ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా నేను దాన్ని ముట్టుకోలేదు. "పప్పులో వెయ్యి బిడ్డా, చింతపండు తగ్గించు, ఆకే పుల్లగా ఉంటుంది" అంది అవ్వ.

ఇంటికి తెచ్చి నీళ్లలో వేస్తే గిన్నె అంతా ఎర్రమట్టి రంగు. నాలుగు నీళ్లు మార్చాల్సి వచ్చింది. కాడ విరిస్తే టక్కున తెగుతుంది, వేళ్లకు సన్నగా జిగురు అంటుతుంది. పెసరపప్పుతో ఉడికించి వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెట్టాను. అత్తమ్మ మొదటి ముద్ద తిని కాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత తుమ్మికూర, పొన్నగంటి, చెన్నంగి, సోయకూర, చుక్కకూర అంటూ వరుసగా పేర్లు చెప్పుకుంటూ పోయింది. వాటన్నింటినీ క్యాలెండరు అంచున రాసుకున్నాను. ఈ పద్ధతి నెలలోపే ఆగిపోకుండా నిలిచింది ఆ రాత్రి రాసుకున్న పేర్ల వల్లే.

నేను ముందు ఊహించనిది ఇంకొకటి ఉంది. వారం నియమం పాటించాలంటే కాలాన్ని పట్టుకోక తప్పదు. వానలు పడగానే బోడకాకర కోసం చూస్తాం. ములుగు, ఏటూరునాగారం వైపు అడవుల్లో కాసేవి చిన్నగా ఉంటాయి, రుచి ఎక్కువ. ధర చూస్తే చికెన్‌కు తీసిపోదు కాబట్టి పావుకిలోతో సరిపెట్టుకుంటాం. కోసినప్పుడు లోపల గింజ ఎర్రబడి ఉంటే ముదిరిపోయినట్టే. వినాయక చవితికి తుమ్మికూర సరే సరి. చలికాలంలో చిక్కుడు, ఉసిరి, రేగుపండ్లు, ఉప్పు వేసి ఉడికించిన పచ్చి కందికాయలు. శివరాత్రికి కందగడ్డ (చిలగడదుంప). ఎండాకాలంలో ముంజలు, మొర్రిపండ్లు, తునికి పండ్లు, ఆ చివర ఈతపండ్లు. ఏడాది చివర లెక్కపెడితే గడుల్లో 63 పేర్లు తేలాయి. వాటిలో సగానికి పైగా మేం అంతకు ముందు కొననివే.

పండ్ల విషయంలో మొదట దారి తప్పాను. వైవిధ్యం అంటే కివి, డ్రాగన్ ఫ్రూట్ అనుకుని రెండు నెలలు వాటి మీద డబ్బు పెట్టాను. పిల్లలు ఒకటి రెండు ముక్కలు తిని వదిలేశారు. ఇప్పుడు అదే డబ్బుకు సంచి నిండా జామకాయలు వస్తున్నాయి. విటమిన్ సి లెక్కన చూసినా జామ నారింజ కంటే ఎన్నో రెట్లు మేలు. పైగా పచ్చిగానే తింటాం కాబట్టి వేడికి పోయేది ఉండదు. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండడం కూడా అలవాటైంది, విటమిన్ సి తోడైతే ఆకుల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

ఇక లోపాలు. ఈ క్యాలెండరు రకాలను లెక్కిస్తుంది, ఎంత తిన్నామో లెక్కించదు. అది నాకు రెండేళ్ల దాకా తట్టలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు చదివాకే కాటా తీశాను. మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు అవసరమని అందులో ఉంది. అంటే మా నలుగురికి రెండు కిలోలు. మేం తింటున్నది కిలోకు కాస్త ఎక్కువ. అప్పటి నుంచి బియ్యప్పిండితో చేసే సర్వపిండిలో సొరకాయ తురుము, సోయకూర ధారాళంగా కలుపుతున్నాను. అన్నానికి ముందు కీర, ముల్లంగి, క్యారెట్ ముక్కలు పెడుతున్నాను. ఇప్పుడు కిలోన్నర దాటుతోంది. రెండు కిలోలు మాత్రం పండుగ రోజుల్లోనే.

ఆకుకూరలు బాగుచేయడానికి పట్టే సమయం కూడా తక్కువేమీ కాదు. ఒక్కో కట్టకు అరగంట. ఆ శ్రమ తప్పించుకుందామని ఒక ఫోన్ యాప్‌లో తెప్పిస్తే రెండుసార్లూ లోపల కుళ్లిన కట్టలే వచ్చాయి. అందుకే ఆదివారం పొద్దున అందరం చాప మీద కూర్చుని తుంచుతాం. తుంచిన ఆకును కడగకుండా పాత నూలుబట్టలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నిలుస్తుంది. మరొక జాగ్రత్త: మా వారికి కిడ్నీలో రాయి వచ్చినప్పుడు రాళ్లు ఏర్పడటానికి తోడ్పడే ఆక్సలేట్లు ఎక్కువుండే పాలకూర, గంగవాయిలి తగ్గించమని డాక్టరు చెప్పారు. ఆ రెండూ వండిన రోజున ఆయనకు వేరే కూర చేస్తాను. ఇలాంటి ఇబ్బంది ఉన్నవాళ్లు ముందే అడిగి తెలుసుకోవాలి.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. పెళ్లిళ్ల కాలంలో వరుసగా గడులు ఖాళీగా ఉన్నాయి, బంధువుల ఇళ్లకు వెళ్లినప్పుడు నియమం సాగలేదు. అయినా తిరిగి వచ్చిన మర్నాడే కొనసాగించగలిగాం, అదే దీనిలో నాకు బాగా నచ్చింది. పోయిన చలికాలంలో ఒక సాయంత్రం కూర పేరు రాద్దామని తలుపు వెనక్కి వెళితే, ఆ గడిలో అప్పటికే మా అమ్మాయి పెన్సిల్‌తో రాసి ఉంచింది: "పరికి పండ్లు. బడి గేటు దగ్గర." ఆ పేరు మా క్యాలెండరులోకి ఎక్కడం అదే మొదటిసారి.