తిరుపతి బైరాగిపట్టెడలో బైపీసీ ట్యూషన్, పంపించొచ్చు

మా పాపకి శ్వాసక్రియ పాఠం అంటేనే భయం, ఇక్కడ సార్ బోర్డు మీద ఒక్క గ్లూకోజ్ గీసి దాని ఆరు కార్బన్లూ ఎటు పోతాయో చివరిదాకా చూపించినారు. సైటోప్లాజంలో రెండు పైరువేట్లుగా, అంటే మూడేసి కార్బన్ల ముక్కలుగా, విరిగినప్పుడు మిగిలేది 2 ఏటీపీలే (కణానికి శక్తినిచ్చే అణువులు), అసలు పంట మైటోకాండ్రియాలోకి పోయినాకే, అక్కడ క్రెబ్స్ వలయం అనే రసాయన చర్యల చక్రానికి ముందే రెండు కార్బన్లు, వలయంలో నాలుగు కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతాయి, ఎలక్ట్రాన్లు చివరికి ఆక్సిజన్‌ని చేరితే నీళ్లు తయారవుతాయి. మనం పీల్చే ఆక్సిజన్ పని అదేనంట, ఎంత బాగుందో! పాత పుస్తకాల్లో 38 ఏటీపీలు, ఇప్పటి లెక్క 30 నుంచి 32 అని, ఎందుకు తగ్గిందో కూడా చెప్పినారు. రూమ్ మాత్రం ఇరుకు, ఫ్యాన్ గాలి వెనక బెంచీకి రాదు. ఫీజు కాస్త ఎక్కువే, అయినా పంపించండి.