మా బెల్లంతో నాలుగేళ్లు: మాల్టీపూ తెచ్చుకునే ముందు ఇంట్లో ఎవరుంటారో లెక్కేసుకోండి

మా బెల్లం వచ్చి నాలుగేళ్లు దాటింది. మాల్టీపూ కుక్క, అంటే మాల్టీస్ జాతికి పూడుల్ జాతికి కలిపి పుట్టింది, ఆడది, బెల్లం రంగు బొచ్చని మా చిన్నది ఆ పేరు పెట్టింది. తిండి, టీకాలు, స్నానాలు అందరూ చెప్పేవే, వాటి జోలికి పోను. నేను చెప్పాల్సింది దాని గుణం గురించి, అందులోనూ ఒక్క విషయం. ఇది మనిషి లేకుండా ఉండలేదు. తెచ్చుకునే ముందు ఈ మాట మాకెవరూ గట్టిగా చెప్పలేదు, చెప్పుంటే మొదటి నెల నుంచే వేరేగా పెంచుండేవాళ్లం.

పిల్లలతో ఇంత మెత్తగా ఉండే కుక్కని నేను చూడలేదు. చిన్నది దాని మీద తల పెట్టుకుని పడుకున్నా కదలదు. మా అత్త అయితే "కుక్క గడప దాటి లోపలికొస్తే నేను తాడిపత్రికి, నా కూతురింటికి పోతా" అన్న మనిషి, రెండు నెలలు తిరిగేసరికి సాయంత్రం పూట వాకిట్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని చెవుల వెనక చిక్కులు తీస్తా కూర్చునేది. పూజ గది దగ్గర "ఆడే ఉండు" అంటే ఆడే ఉంటుంది, ఎదురుగా కొబ్బరి చిప్ప కనపడతా ఉన్నా సరే. పూడుల్‌కి తెలివెక్కువ అంటారు కదా, ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

సైజు సంగతి కూడా చెప్పాలి. బెంగళూరులో మాకు అమ్మినాయన "టీకప్ సైజండీ, నాలుగు కేజీలు దాటదు" అన్నాడు. ఇప్పుడు ఏడున్నర కేజీలు, భుజం దగ్గరికి కొలిస్తే 13 అంగుళాలు. తర్వాత తెలిసింది, పూడుల్‌లో టాయ్ అంటే 10 అంగుళాల లోపు, మినియేచర్ అంటే 10 నుంచి 15, ఆ పైన స్టాండర్డ్ అని కుక్కల జాతుల్ని నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్క, అందులో టీకప్ అనేదే లేదు. ఇట్లా కలిపి పుట్టించిన వాటిల్లో తల్లీ తండ్రీ ఏ సైజో చూడకుండా పిల్ల ఎంత పెరుగుతుందో చెప్పలేం, చూసినా కూడా అంచనానే, ఒకే ఈతలో పిల్లలు ఒకటి ఇటు పోతే ఒకటి అటు పోతాయి. మేము తల్లినీ చూడలేదు, తండ్రినీ చూడలేదు. అయినా సైజు మీద నాకు బాధ లేదు, పిల్లలు గెంతులేసే ఇంట్లో మరీ మూడు కేజీల కుక్కయితే ఎవరి కాలికింద పడుతుందో అని రోజూ భయమే. స్కూటీ ముందర బుద్ధిగా పట్టుకుని కూర్చుంటుంది. అత్త మాత్రం ఇప్పుడు దాన్ని ఎత్తుకుని మేడ ఎక్కలేదు.

ఇంక అసలు సంగతి. అది మా ఇంటికొచ్చింది 2021 జూన్‌లో, కరోనా రెండోసారి గట్టిగా వచ్చిపోయిన రోజులు. పిల్లలు ఇంట్లో, మా ఆయన లాప్‌టాప్ పెట్టుకుని ఇంట్లో, అత్త ఎట్లాగూ ఇంట్లో. ఆగస్టులో బళ్లు తెరిచినా మా ఆయన, అత్త ఉన్నారు కాబట్టి దానికి తేడా తెలీలేదు. వంటింట్లోకి పోతే వంటింట్లోకి, బాత్రూంకి పోతే తలుపు బయట, ఎవరో ఒకరి కాళ్ల దగ్గరే. మాకది ముద్దుగా ఉండేది, వచ్చినోళ్లందరికీ చెప్పి మురిసిపోయేవాళ్లం. ఏడాదిన్నర పాటు అది గంటసేపు కూడా ఒంటరిగా లేదు. 2022 చివర్లో మా ఆయన్ని ఆఫీసుకి రమ్మన్నారు, శనాదివారాలే అనంతపురం వస్తాడు.

2023 ఫిబ్రవరిలో ధర్మవరంలో దగ్గరోళ్ల పెళ్లి. అందరం పోవాల్సిన పెళ్లి. నీళ్లు పెట్టి, అన్నం పెట్టి, ఫ్యానేసి పొద్దున తొమ్మిదికి తాళం వేసి పోయినాం, భోజనాలు కాగానే రెండుకల్లా వచ్చేద్దామని. పదకొండుకి పక్కింటి అక్క ఫోన్ చేసింది, "ఏమ్మా, మీ కుక్క ఒకటే ఏడుస్తాంది, ఏమన్నా అయిందేమో చూడండి" అని. కాసేపుంటే అదే ఊరుకుంటుందిలే అక్కా అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. అదీ ఇదీ అయ్యి ఇల్లు చేరేసరికి సాయంత్రం ఏడు.

తలుపు తీస్తే ఎప్పుడూ మీదకి దూకేది, ఆ రోజు రాలేదు. లైటేసి చూస్తే తలుపు కింద అంచంతా గీకి గీకి చెక్క పెచ్చులు లేచిపోయినాయి. మాది తాడిపత్రి బండల ఇల్లు, నల్ల బండ మీద రక్తం తొందరగా కనపడదు, పాప చెప్పులు జిగటగా అంటుకుంటే వంగి చూసినాం, తలుపు నుంచి మంచం దాకా చిన్న చిన్న చుక్కలు. ముందు కాళ్ల గోళ్లు రెండు విరిగిపోయినాయి. ఎదంతా చొంగతో కొళాయి కింద పెట్టినట్టు తడిసిపోయింది. స్టాండు మీద ఆరేసిన నా నైటీ లాక్కొచ్చి మంచం కింద దాని మీద ముడుచుకుని వణుకుతా ఉంది, మమ్మల్ని చూసి అరవబోతే గొంతు రాలేదు, గాలి మాత్రమే వచ్చింది. గిన్నెలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. అత్త పట్టుచీర కూడా మార్చుకోకుండా బండ మీద కూర్చుని దాన్ని ఒళ్లోకి తీసుకుంది.

డాక్టరు గోళ్లకి కట్టు కట్టి ఒకటే చెప్పినాడు, ఇది పొగరు కాదు, మీ మీద కోపం కాదు, భయం, దీన్ని కొట్టొద్దు తిట్టొద్దు అని. తర్వాత ఆలోచిస్తే నాకూ అర్థమైంది. మాల్టీస్ ఎన్నో వందల ఏళ్లుగా ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి పెంచిన జాతి, పూడుల్ అసలు నీళ్లలో పడ్డ బాతుల్ని వేటగాడికి తెచ్చిచ్చే కుక్క, ఎప్పుడూ మనిషి మొహం చూస్తా పనిచేసేది. రెండు పక్కలా మనిషిని అంటిపెట్టుకునేవే, పైగా మేము చేసిన అలవాటు.

మొదట్లో మెత్తన అన్నాను కదా, ఆ పెళ్లి తర్వాత నెల రోజులు అట్లా లేదు. అత్త ఒళ్లోంచి లాగబోతే చిన్నదాని మీద గుర్రుమనింది, ఒకసారి పళ్లు చేతికి తగిలినాయి, గాయం కాలేదు గానీ పాప వారం రోజులు దగ్గరికి పోలేదు. పాదాలు ఊరికే నాక్కుంటా కొరుక్కుంటా ఉంటే ఆ తడికి కాళ్లంతా జడలు కట్టి చివరికి మొత్తం కత్తిరించేయాల్సి వచ్చింది. బొచ్చు రాలదు అంటారు, రాలదు నిజమే, రాలాల్సింది ఆ ఉంగరాల్లోనే చిక్కుకుని ముద్దవుతుంది.

దాన్ని మళ్లీ దారికి తెచ్చింది ఓపికే. తాళంచెవి తీసుకుని ఎక్కడికీ పోకుండా మళ్లీ కూర్చోవడం, రోజుకి పదిసార్లు, ఆ చప్పుడికి బెదరడం మానేదాకా. తర్వాత ఒక్క నిమిషం బయటికి పోయి రావడం, తర్వాత రెండు, ఐదు. వేయించిన బుడ్డలు, అదే వేరుశనగ పప్పు, ఉప్పు, చక్కెర లేకుండా మిక్సీలో మెత్తగా పట్టి, మధ్యలో బొక్క ఉండే రబ్బరు బొమ్మలో కూరి ఫ్రీజర్లో పెట్టి, పోయేటప్పుడు ఇస్తాం, అరగంట దాన్నే నాకుతా ఉంటుంది. మొదటి అరగంట గడిస్తే సగం గడిచినట్టే. రెండు గంటలు నెమ్మదిగా ఉండడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు నాలుగు గంటలు, అంతకు మించి నేను దాన్ని పరీక్ష పెట్టను.

ఇంతా అయినాక ఇంకొకటి తెచ్చుకుంటారా అంటే, మా ఇంట్లో అత్త ఉన్నంత కాలం తెచ్చుకుంటా. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పొద్దున తొమ్మిదికి తాళం వేసి సాయంత్రం ఆరుకి వచ్చే ఇల్లయితే నేను తెచ్చుకోమని చెప్పలేను, అన్ని మాల్టీపూలూ మా దానిలాగే ఉంటాయని కాదు, ముందు నుంచీ అలవాటు చేసినోళ్ల కుక్కలు బాగానే ఉండొచ్చు. మా పెద్దోడు వచ్చే జూన్‌లో హాస్టల్‌కి పోతాడు, రాత్రి అది పడుకునేది వాడి మంచం కిందే. అందుకే ఇప్పట్నుంచే వాడి రూం తలుపు మూసి, అది హాల్లో అత్త దగ్గర పడుకునేలా చూస్తున్నాం. నిన్న రాత్రి ఇరవై నిమిషాలు తలుపు దగ్గరే కూర్చుంది, తర్వాత లేచి పోయి అత్త దుప్పటి అంచు మీద పడుకుంది.