నికోటిన్ గమ్ 2 మి.గ్రా. (పుదీనా రుచి): సిగరెట్ మానాక వచ్చే కోపానికి పనికొచ్చిందా?

తిరుపతిలో ట్యాక్సీ నడుపుతాను. రైల్వే స్టేషన్ నుంచి కొండకు, అక్కడి నుంచి కాణిపాకానికో శ్రీకాళహస్తికో. పంతొమ్మిదేళ్ళుగా రోజుకు పది పన్నెండు సిగరెట్లు. కొండ మీద పొగాకు నిషేధం కాబట్టి అలిపిరికి ముందు రెండు, దిగగానే రెండు కాల్చేవాణ్ణి. మధ్యలో నాలుగైదు గంటలు ఉండగలుగుతున్నాను కదా, మానడం కష్టం కాదులే అనుకున్నాను.

మానిన మూడో రోజు ఒక పెద్దాయన "ఐదు నిమిషాలు ఆగు నాయనా, మా ఆడోళ్ళు లడ్డూల దగ్గరున్నారు" అంటే ఆయన మీద అరిచేశాను. ఆయన తిరిగి ఒక్క మాట అనలేదు. చిత్తూరు దాకా కారులో ఎవరూ నోరు విప్పలేదు. ఆ రాత్రి మా పాప లెక్కల పుస్తకం పట్టుకుని నా దాకా వచ్చి, నా మొహం చూసి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. తెల్లారగానే నికోటిన్ గమ్ కోసం మెడికల్ షాపుకు పోయాను. సిగరెట్‌లో ఉండే నికోటిన్‌నే పొగ లేకుండా కొద్దికొద్దిగా ఇచ్చే నమిలే మందు అది.

"లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ కావాలా అన్నా?" అని అడిగాడు షాపతను. నాకు లీలామహల్ సర్కిల్లో టీ పడ్డాకే. అయితే 2 మి.గ్రా. బిళ్ళ చాలు, అరగంట కూడా ఆగలేని వాళ్ళకే 4 మి.గ్రా. అన్నాడు.

రెండు రోజులు మామూలు బబుల్‌గమ్‌లా గబగబా నమిలాను. ఎక్కిళ్ళు, గొంతులో మంట, కడుపులో తిప్పడం. కోపం మాత్రం అలాగే ఉంది. అప్పుడే రివ్యూ రాసుంటే ఒక్క స్టారే ఇచ్చేవాణ్ణి.

పొగాకు మానాలనుకునేవాళ్ళకు సాయం కోసం సిగరెట్ పెట్టె మీద ఉండే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేశాను. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడారు. ఆ మేడమ్ ముందు నేను ఎలా నములుతున్నానో అడిగింది. మెల్లగా నమిలి, నాలుక మీద ఘాటు తెలియగానే ఆపి, చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టుకోవాలట. ఘాటు తగ్గాక మళ్ళీ నాలుగుసార్లు నమలాలి. ఇలా ఒక బిళ్ళ అరగంట. మందు ఎక్కేది బుగ్గలోంచి. ఉమ్మితో మింగేస్తే కడుపులో తిప్పడమే మిగులుతుంది. కాఫీ, కూల్‌డ్రింక్ తాగిన పావుగంట దాకా బిళ్ళ వేసుకోకూడదు, పులుపు వల్ల సరిగా ఎక్కదు.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది కాఫీ సంగతి. పొగ తాగేవాళ్ళ ఒంట్లో కెఫీన్ త్వరగా ఖర్చయిపోతుందట. మానేశాక అదే కాఫీ చాలాసేపు ఒంట్లో ఉండిపోతుంది. నేను రోజుకు ఆరు తాగేవాణ్ణి! చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం అన్నీ సిగరెట్ లేకనే అనుకున్నాను. మూడుకు తగ్గించాక నాలుగు రోజుల్లో తేడా తెలిసింది.

చిరాకు మొదటి వారంలో ఎక్కువగా ఉంటుందనీ, మూడు నాలుగు వారాల్లో తగ్గుతుందనీ చెప్పింది. ఆ మాట మా ఆవిడకు చెప్పాను. అది నా గుణం కాదని ఆమెకు తెలియడం నాకు చాలా ముఖ్యం.

గమ్ తీర్చలేనిది ఒకటుంది. పార్కింగ్‌లో ఒంటరిగా కూర్చున్నప్పుడు, ఏదో పోగొట్టుకున్నట్టు వచ్చే దిగులు. దానికి నాకు నడకే మందయింది. బండి లేని రోజు అలిపిరి మెట్ల మీద గాలిగోపురం దాకా ఎక్కి దిగుతాను. ఆ దిగులు రెండు వారాలైనా వదలకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలని మేడమ్ ముందే చెప్పింది. గుండె జబ్బున్నవాళ్ళు, గర్భిణులు గమ్ మొదలుపెట్టకముందే డాక్టర్‌ను అడగాలి.

ఈ రోజుకు నలభై ఒక్క రోజులు. రోజుకు తొమ్మిది బిళ్ళల నుంచి నాలుగుకు వచ్చాను. ఖర్చు సిగరెట్ల కంటే తక్కువే. కట్టుడు పళ్ళకు మాత్రం అంటుకుంటుంది, మా అన్నకు అందుకే కుదరలేదు.

నాలుగు స్టార్లు. ఒకటి తగ్గించింది, నేను కొన్న పెట్టెలో నమిలే పద్ధతి తెలుగులో ఒక్క ముక్క కూడా లేనందుకు. అది చదువుకోగలిగి ఉంటే ఆ రెండు రోజులు నాకూ ఇంట్లోవాళ్ళకూ తప్పేవి.