‘శ్రీ’ కాస్తా ‘శ’ అయిన రోజు: ఈమ్యాక్స్‌తో ఆరేళ్లు

నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో నాదొక చిన్న టైపింగ్ షాపు. సేల్ డీడ్లు, అగ్రిమెంట్లు, భాగపంపకాల కాగితాలు, అర్జీలు. 2019లో పాత కంప్యూటర్ మొరాయిస్తే మా మేనల్లుడు వచ్చి లినక్స్ వేసి, అందులో ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ పెట్టి పోయాడు. పోతూ పోతూ, “మామా, దీంట్ల ఏ బటన్ నొక్కితే ఏమైతదో దాన్నే అడగొచ్చు. ఇగ నాకు ఫోన్ చేసే పని లేదు” అన్నాడు. రెండో మాట కోసమే మొదటిది చెప్పాడని తర్వాత తెలిసింది.

ఈమ్యాక్స్‌ను ఎవరు రాశారు, ఎట్లా వేసుకోవాలి అనేవి ఇక్కడ చెప్పను. నాకు దాంట్లో నచ్చింది ఒకటే, నన్ను ఏడిపించింది కూడా అదే. కర్సర్‌ను కదిలించే ప్రతి కమాండ్‌కూ లోపలే ఒక వివరణ రాసి ఉంటుంది. కంట్రోల్-హెచ్, తర్వాత కె, తర్వాత మీకు అనుమానం ఉన్న బటన్. కింద ఒక కిటికీ తెరుచుకుని ఆ బటన్ ఏ కమాండ్‌ను పిలుస్తుందో, అది ఏం చేస్తుందో, ఏ సెట్టింగ్ మారిస్తే దాని నడక మారుతుందో చెప్తుంది. ఇంగ్లీషులోనే, కానీ మన డీడ్ల ఇంగ్లీషు కంటే చాలా నయం.

మొదటి ఏడాది నేను నేర్చుకున్నదంతా అట్లా అడిగి నేర్చుకున్నదే. మౌస్ వాడి వాడి కుడి మణికట్టు నొప్పి పుట్టింది, అందుకని కంట్రోల్-ఎఫ్, బి, ఎన్, పి పట్టుకున్నాను, కర్సర్‌ను ముందుకు, వెనక్కి, కిందికి, పైకి జరిపేవి. మొదటి వారమే ఒక చిక్కు. సిస్టం కీబోర్డును తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో పెట్టి కంట్రోల్-ఎఫ్ కొడితే కదలదు, ‘కంట్రోల్-గుడి అన్‌డిఫైన్డ్’ అన్నట్టు ఒక మెసేజ్ వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎఫ్ బటన్ మీద గుడి ఉంటుంది మరి. సిస్టం కీబోర్డును ఇంగ్లీషులోనే ఉంచి, ఈమ్యాక్స్ సొంత ఇన్‌పుట్ పద్ధతితో తెలుగు కొడితే ఆ బాధ లేదు. టైప్ చేస్తే తెలుగు పడుతుంది, కంట్రోల్ పట్టుకుంటే కర్సర్ కదులుతుంది.

కంట్రోల్-ఎఫ్ వివరణలో ఒక వాక్యం ఉంటుంది: రాత దిశను బట్టి కర్సర్ తెర మీద కుడికైనా పోవచ్చు, ఎడమకైనా పోవచ్చు, కుడి బాణం బటన్ సంగతి వేరు, అది కూడా చూడు అని. ఇదెవరికోసం రాశారో అనుకున్నాను. తర్వాత ఒకాయన నిజాం కాలపు సేత్వార్ (భూమి రికార్డు) నకలు పట్టుకొచ్చి, అందులోని రెండు ఉర్దూ లైన్లు ఉన్నవి ఉన్నట్టు టైప్ చేయమన్నాడు. ఆ పేరాలోకి వెళ్లి కంట్రోల్-ఎఫ్ కొడితే కర్సర్ ఎడమకు నడిచింది, కుడి బాణం కొడితే కుడికే పోయింది. చెప్పినట్టే జరిగింది. అట్లాంటప్పుడు దాని మీద నమ్మకం పెరుగుతుంది, అవసరానికి మించి కూడా పెరుగుతుంది.

కింది లైనుకు పోయే కంట్రోల్-ఎన్ వివరణ ఇంకా ముచ్చటగా ఉంటుంది. చివర్లో ఇంటి పెద్ద చెప్పినట్టు, ‘దీన్ని నీ ప్రోగ్రాంలో వాడాలనుకుంటే, దానికి బదులు ఫార్వర్డ్-లైన్ వాడు, అది సులువు, నమ్మకం’ అని సలహా ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

వాక్యం చివరికి పోయే మెటా-ఇ (మెటా అంటే ఆల్ట్ బటన్) గురించి కొన్నాళ్లు అందరికీ గొప్పగా చెప్పాను. ఒక్క నొక్కుతో పేరా చివరికి పోతుంది, డీడ్లకు ఇంతకంటే ఏం కావాలి అని. ఇప్పుడు ఆ గొప్పలో సగం వెనక్కి తీసుకోవాలి. మా డీడ్లలో ‘వాస్తవ్యులు’ దగ్గర మొదలైన వాక్యం హద్దులన్నీ తిరిగి, ‘వ్రాసి ఇచ్చిన విక్రయ దస్తావేజు’ దాకా ఒక పేజీ నడుస్తుంది. ఫుల్‌స్టాప్ ఒకటే, అది పేరా చివర్లో. అందుకే కమాండ్ సరిగ్గా పని చేస్తున్నట్టు కనిపించింది. ఒక రిటైర్డ్ టీచరు తన చిన్ననాటి సంగతులు రాసుకున్న నోటుబుక్కు టైప్ చేయడానికి తెచ్చినప్పుడు అసలు గుట్టు బయటపడింది. చిన్న చిన్న వాక్యాలు, మెటా-ఇ నొక్కితే అన్నింటినీ దాటుకుని పేరా చివరికే పోతోంది. వివరణను అడిగితే సెంటెన్స్-ఎండ్ అనే ఇంకో పేరు చూపించింది. అక్కడి నుంచి వెతుక్కుంటూ పోతే తేలింది: ఫుల్‌స్టాప్ తర్వాత రెండు ఖాళీలు ఉంటేనే అది వాక్యం ముగిసినట్టు లెక్క, మామూలుగా వచ్చే సెట్టింగ్ అది. తెలుగులో రెండు ఖాళీలు వదిలేవాళ్లను నేను చూడలేదు. సెంటెన్స్-ఎండ్-డబుల్-స్పేస్ అనేదాన్ని ‘నిల్’ చేస్తే సరిపోయింది. మూడేళ్లు నేను పొగిడిన కమాండ్ మూడేళ్లూ నాకు పని చేయనే లేదన్నమాట.

అసలు కథ 2024లో.

అంతకు ముందు ఎప్పుడో ఒక భాగపంపకాల కాగితం కోసం నేనే ఒక చిన్న కమాండ్ రాసుకున్నాను. పేరు ముందు కర్సర్ పెట్టి ఎఫ్-8 కొడితే ఇంటిపేరులో మొదటి అక్షరం ఉంచి, మిగతాది తీసేసి, చుక్క పెడుతుంది. మూడే లైన్లు: ఫార్వర్డ్-క్యార్ ఒకటి (కంట్రోల్-ఎఫ్ పిలిచేది ఇదే), కిల్-వర్డ్ ఒకటి (మాటలో మిగతాది తీసేసే మెటా-డి), చుక్క ఒకటి. చేత్తో నేను కొట్టే కంట్రోల్-ఎఫ్, మెటా-డి, చుక్కనే అట్లా రాశాను. ఆ కాగితంలో ఉన్న ఎనిమిది మందీ అన్నదమ్ములు, వాళ్ల కొడుకులు. అందరిదీ ఒకటే ఇంటిపేరు, గజ్జెల. ఎనిమిదిసార్లూ ‘గ.’ అని వచ్చింది. మా ఆవిడను పిలిచి మరీ చూపించాను.

రెండేళ్ల తర్వాత సాగర్ ఎడమ కాలువ చివరి భూముల రైతులు ఒక అర్జీ తెచ్చారు. నీళ్లు తమ దాకా రావడం లేదని, సోమవారం ప్రజావాణిలో ఇవ్వాలని. 143 పేర్లు. పట్టికలో పేరు గడి ఇరుకు, ఇంటిపేరు పొడిగా పెట్టమన్నారు. శనివారం సాయంత్రం, బయట చీకటి పడుతోంది. ఆ కమాండ్‌ను 143 లైన్ల మీద ఒకేసారి తోలాను, ప్రింట్ తీశాను, చూడకుండానే చేతికిచ్చాను.

వాళ్లలో పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేజీ చదివాడు. “ఏంది సారూ, మాది శ్రీరామోజోళ్ల ఇల్లు. ‘శ’ అని ఏసినవేంది? శవమా ఏంది?” అన్నాడు. పక్కనున్న పిల్లగాడు కిసుక్కున నవ్వాడు. నేను కాగితం లాక్కుని చూశాను. చింతలవాళ్లు ‘చ.’ అయ్యారు, ‘చిం.’ ఉండాల్సింది. గుండెబోయినవాళ్లు ‘గ.’ అయ్యారు. గుణింతాలూ వత్తులూ సున్నాలూ ఏవీ లేవు, 143 పేర్ల ముందు ఉత్త హల్లులు. ఒకే ఊళ్లో గుండెబోయినవాళ్లకూ గజ్జెలవాళ్లకూ తేడా లేకుండా పోయింది.

అన్‌డూ కొట్టి పేర్లన్నీ వెనక్కి తెచ్చాను, అది మాత్రం దేవుడిచ్చిన బటన్. తర్వాత రాత్రి పదిన్నర దాకా ఒక్కో పేరూ చేత్తో చేశాను. కంట్రోల్-ఎఫ్, మెటా-డి, చుక్క. విచిత్రం ఏమిటంటే చేత్తో కొడితే అంతా సరిగ్గా వస్తోంది. కంట్రోల్-ఎఫ్ ‘శ్రీ’ మొత్తాన్ని దాటుతోంది, ‘చిం’ను సున్నాతో సహా దాటుతోంది. అదే కమాండ్, అదే పేరు. చేతిలో ఒక తీరు, ఎఫ్-8లో ఇంకో తీరు.

ఆదివారం పొద్దున షాపు తెరిచి, అలవాటు కొద్దీ కంట్రోల్-హెచ్, కె, ఎఫ్-8 నొక్కాను. కిటికీలో వచ్చిన జవాబు: ‘నాట్ డాక్యుమెంటెడ్’. రాసింది నేనే కదా. వివరణ పెట్టాలని తెలియక కాదు, మూడు లైన్లకు వివరణ ఏమిటిలే అనుకుని పెట్టలేదు.

ఇక ఫార్వర్డ్-క్యార్‌ను అడిగాను. ‘పాయింట్‌ను ఇన్ని క్యారెక్టర్లు ముందుకు జరుపుతుంది’ అంటుంది. పాయింట్ అంటే కర్సర్ ఉన్న చోటు. అక్షరం అని నేను చదువుకున్న ఆ క్యారెక్టర్, దాని లెక్కలో అక్షరం కాదు. ‘శ్రీ’ మీద కర్సర్ పెట్టి కంట్రోల్-యు, కంట్రోల్-ఎక్స్, సమానం గుర్తు కొట్టి చూడండి, మొత్తం బయటపడుతుంది. శ అనేది 3126వ నంబరు క్యారెక్టర్, దాని తర్వాతివాటితో కలిసి తెర మీద ఒక రూపం అయింది అని చెప్తుంది. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం నాలుగు. ‘స్త్రీ’ అయితే ఆరు. ఫార్వర్డ్-క్యార్ ఎప్పుడూ ఒక్కటే జరుగుతుంది. మరి చేత్తో కొడితే నాలుగూ ఎట్లా దాటింది?

దీనికి జవాబు ఆ వివరణలో లేదు. ఈమ్యాక్స్ కమాండ్లు రాసే లిస్ప్ భాష మాన్యువల్‌లో వేరే చోట, కమాండ్ తర్వాత పాయింట్‌ను సర్దడం గురించి ఒక చిన్న భాగంలో ఉంది. కలిసిపోయిన రూపం మధ్యలో కర్సర్‌ను చూపించడం కుదరదు, కాబట్టి కమాండ్ పూర్తయ్యాక ఈమ్యాక్సే పాయింట్‌ను ఆ రూపం అంచుకు నెడుతుంది. చేత్తో కొట్టినప్పుడు కంట్రోల్-ఎఫ్ తర్వాత ఒక ఆగడం ఉంది, ఆ ఆగడంలో సర్దేస్తుంది. నా కమాండ్ లోపల మూడు పనులూ ఆగకుండా జరిగిపోతాయి. శ తర్వాత, పొల్లుకు ముందు నిలబడి మిగతాదంతా నరికేసింది. అది చెప్పినట్టే చేసింది, నేను చెప్పింది నాకే తెలియదు.

నా కోపం ఇక్కడే. కింది లైనుకు పోయే కమాండ్‌కు ‘ప్రోగ్రాంలో వాడకు’ అని సలహా రాసినవాళ్లు, పక్క అక్షరానికి పోయే కమాండ్‌కు ఒక్క లైన్ రాయలేదు. ఉర్దూ, అరబ్బీ రాసేవాళ్ల కోసం దిశ సంగతి చెప్పారు. వత్తులున్న మనవాళ్ల కోసం ‘క్యారెక్టర్ అంటే తెర మీద కనిపించే అక్షరం కాదు’ అనే ముక్క కూడా ఉంటే నా శనివారం రాత్రి మిగిలేది. చెరిపే బటన్లలోనైతే తేడా చూపించారు. 29వ వెర్షన్ నుంచి డిలీట్ బటన్ ‘స్త్రీ’ మొత్తాన్ని ఒకేసారి తీసేస్తుంది, కంట్రోల్-డి మాత్రం ఒక్క క్యారెక్టరే తీస్తుంది. బ్యాక్‌స్పేస్ కూడా అంతే, ‘స్త్రీ’ని చెరపాలంటే ఆరుసార్లు. ఇది నాకు ఇష్టమే, తప్పు గుడిని ఒక్కదాన్నే సరిదిద్దుకోవచ్చు. కర్సర్‌ను అక్షరం లోపలికే పంపి మధ్యలో వత్తు మార్చాలంటే కాంపోజిషన్-బ్రేక్-ఎట్-పాయింట్ అనే సెట్టింగ్ కూడా అదే వెర్షన్‌లో వచ్చింది. దాని గురించి నాలుగు వాక్యాలు చదివి పెట్టుకున్నాను, ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

పరిష్కారం మాత్రం వివరణలు చదివితే దొరకలేదని ఒప్పుకోవాలి. మేనల్లుడికి ఫోన్ చేశాను. “మామా, ఎన్నొద్దులాయె ఫోన్ చేసి” అని నవ్వి, స్ట్రింగ్-గ్లిఫ్-స్ప్లిట్ పేరు చెప్పాడు. అది కూడా 29లో వచ్చిందే. మాటను తెర మీద కనిపించే అక్షరాలుగా విడదీస్తుంది. దాంతో కమాండ్ మళ్లీ రాశాను, ‘శ్రీ’ ‘శ్రీ.’గా, ‘చిం’ ‘చిం.’గా వస్తున్నాయి.

ఈసారి వివరణ రాశాను, అదీ తెలుగులో. ఇప్పుడు ఎఫ్-8ను అడిగితే, ‘ఇంటిపేరులో మొదటి అక్షరం ఉంచి మిగతాది తీసేస్తుంది. అక్షరం అంటే వత్తు, గుణింతం, సున్నా అన్నీ కలిపి. పేరు ముందు కర్సర్ లేకపోతే వాడొద్దు. ప్రింట్ తీసేముందు చదువు’ అని వస్తుంది. చివరి వాక్యం నాకోసం నేను రాసుకున్నది. నా కంప్యూటర్ నాకు నల్లగొండ తెలుగులో జవాబు చెప్పడం చూసి ఆ రోజు టీ ఇంకొకటి తెప్పించుకున్నాను.

మరి కొనుక్కోవచ్చా అంటే, కొనేదేమీ లేదు, ఉచితమే. వాడొచ్చా అంటే నా సంగతి వేరు. నాది యూనికోడ్ పని, నోటీసు బోర్డు భాష, మణికట్టు నొప్పి, మాట వినే మేనల్లుడు. ఫైనల్ ప్రింట్ ఇప్పటికీ లిబ్రెఆఫీస్ నుంచే తీస్తాను. పెళ్లి పత్రికలకు అను ఫాంట్లే (యూనికోడ్ కాని పాత పద్ధతివి) కావాలనేవాళ్లను ఎదురు షాపుకు పంపిస్తాను. మా బామ్మర్ది ఫ్లెక్సీలు కొడతాడు, అతనికి దీన్ని చెప్పలేదు, చెప్పను కూడా. రోజంతా టైపింగే పనైనవాళ్లు, బటన్‌ను అడిగి జవాబు చదివే ఓపిక ఉన్నవాళ్లు ఒక నెల చూడొచ్చు. తెలుగు ఎక్కువ కొట్టేవాళ్లు 29 కంటే పాత వెర్షన్ జోలికి పోవద్దు.

మొన్న లెక్క చూసుకుంటే నేను రాసుకున్న కమాండ్లు 17. ఆరింటికి వివరణ ఉంది, మిగతావి ‘నాట్ డాక్యుమెంటెడ్’ అనే అంటున్నాయి. వాటిలో ఎఫ్-11కు కట్టినది ఒకటి ఉంది. హద్దుల పేరాలో తూర్పుకూ పడమరకూ ఏదో చేసేటట్టు రాశాను, ఏం చేస్తుందో గుర్తు లేదు. డీడ్ తెరిచి ఉన్నప్పుడు ఆ బటన్ దగ్గరికి వేలు పోనివ్వడం లేదు.